జన్యువుకు హద్దులు

మా బాపు బోధన్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల షెడ్డు కింద కూర్చుని దస్తావేజులు రాసేవాడు. అక్కడ ఆయనకు ‘కాళ్లతో రాసే సారు’ అని పేరు. పక్క బల్లల వాళ్లు నాలుగైదు దస్తావేజులు ముగించి తీరిగ్గా చాయ్ తాగుతుంటే, ఈయన ఒక్కదాని కోసం సైకిలెక్కి సాలూర దారిలో ఏ చెరకు తోటల్లోనో తిరుగుతుండేవాడు.

భూమి అమ్మితే దానికి నాలుగు దిక్కులా ఏముందో కాగితం మీద రాయాలి. తూర్పున ఫలానా వారి పొలం, పడమర బండ్ల బాట, ఉత్తరాన కాలువ, దక్షిణాన ఇంకొకరి గెట్టు. ఇవే హద్దులు. చాలామంది పాత దస్తావేజు ముందు పెట్టుకుని అందులోని హద్దుల్నే ఎత్తి రాసేస్తారు. అందులో తప్పు పట్టేవాళ్లు కూడా ఎవరూ లేరు. మా బాపు మాత్రం ఆ నేల చుట్టూ తిరిగి, హద్దురాళ్లను ఒక్కొక్కటే కాలితో తాకితే తప్ప కలం మూత తీయడు. ఆదివారం చర్చి అయిపోగానే నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బయలుదేరేవాడు. చెరకు ఆకులు కోసుకుని నా చేతులు మండుతుంటే ఏడుపొచ్చేది. ఆయన వెనక్కి తిరిగి చూసేవాడే కాదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయేవాడు.

ఆయనకు ఇంకో అలవాటుంది. రాసింది అమ్మేవారికి, కొనేవారికి గట్టిగా చదివి వినిపించి, చివర ‘హద్దులు ఒప్పేనా?’ అని అడిగేవాడు. వాళ్లు ‘ఒప్పే’ అనేవారు. ఒక నిమిషం ఊరుకుని, మళ్లీ ‘ఒప్పేనా?’ అనేవాడు. రెండోసారి ఒప్పుకున్నాకే కలం వాళ్ల చేతికిచ్చేవాడు. పక్క బల్లల వాళ్లు ‘సారుకు చెవులు వినవడవు’ అని నవ్వేవారు. మేము పిల్లలం జామకాయ పంచుకునేటప్పుడు కూడా గొంతు బొంగురు చేసుకుని ‘ఒప్పేనా? ఒప్పేనా?’ అని ఆయన్ను వెక్కిరించేవాళ్లం. రెండుసార్లు ఎందుకో నేను ఎన్నడూ అడగలేదు. పెద్దవాళ్ల చాదస్తాలకు కారణాలుంటాయని ఆ వయసులో తోచదు.

నేను పెద్దయ్యాక నిజామాబాద్‌లో ఒక కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపమే లేకపోతే ఈ కథ మొదలయ్యేది కాదేమో. బోధన్ దగ్గర ఒక రైతుకు బెల్లం గానుగ ఉండేది. పిల్లలకు చూపిద్దామని వాళ్లను అక్కడికి తీసుకుపోయాను. నరికి నాలుగు రోజులు ఎండలో పడేసిన చెరకు ఆడితే రసం జిగట పడుతుంది. పెనంలో ఎంత కాచినా బెల్లం గడ్డకట్టదు. ఆ జిగటను తయారుచేసేది కంటికి కనిపించని ఒక రకం బ్యాక్టీరియా. ఆ సంగతి నేను పిల్లలకు దర్జాగా వివరిస్తుంటే ఆ రైతు మధ్యలో అడ్డం వచ్చాడు.

“గదంత సరే మేడమ్. మరి గీ కాలువల పోసిన రసం మల్ల నీళ్ల లెక్క పల్సగ ఎట్లయితది?”

పాఠం పాడుచేశాడని నాకు చిర్రెత్తింది. అట్లా ఏమీ కాదని తేల్చి చెప్పేశాను. ఆయన ఒక చెంబు జిగట రసాన్ని గానుగ పక్క మురుగు కాలువలో పోశాడు. మేము గానుగంతా చూసి, వేడి బెల్లం తిని వచ్చేసరికి తీగలు సాగిన రసం నీళ్లలా పారుతోంది. పిల్లలంతా నా మొహం చూశారు. సిగ్గుతోనే ఆ కాలువ మన్ను కొంచెం ఖాళీ పచ్చడి సీసాలోకి తీసుకున్నాను.

ఆ సీసా నా చేత ఆరేళ్లు చాకిరీ చేయించింది. ఆ మన్నులో జిగటను తుంచి తినే ఒక బ్యాక్టీరియా ఉంది. అది ఒక ఎంజైమును విడుస్తుంది, ఆ ఎంజైము కత్తెరలా పనిచేస్తుంది. ఆ కత్తెరను ఎలా తయారుచేయాలో చెప్పే రాత ఆ జీవి లోపలే ఒక జన్యువులో ఉంటుంది. ఆ రాతను చదివే యంత్రాలు మా దగ్గర లేవు. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలకు పంపితే కొన్ని నెలలకు పోస్టులో కాగితాలు వచ్చాయి.

కవరు చింపి కాగితాలను వంటింటి గట్టు మీద పరిచాను. ఎ, టి, జి, సి. ఆ నాలుగు అక్షరాలే, పద్దెనిమిది వందల చిల్లర, ఖాళీ లేకుండా వరసగా. ఒక పేజీ నిండి, ఇంకో పేజీలోకి పోయి, ఆగాయి. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరినా చూసుకోలేదు. గానుగ పక్కన, మనం చెప్పులు తడవకుండా దాటిపోయే మురుగులో, ఒక ప్రాణి ఇంత పొడుగు మాటను తప్పులేకుండా తన పిల్లలకు, పిల్లల పిల్లలకు అప్పజెప్పుతూ వస్తోంది. మనుషులు అక్షరాలు దిద్దక ముందు నుంచీ! ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టాను.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అప్పుడు ఎవరి నోట విన్నా పేటెంటు మాటే. కాలేజీ వాళ్లు, హైదరాబాద్‌లో ఒక పేటెంటు వకీలు కలిసి నా చేత అమెరికాలో దరఖాస్తు పెట్టించారు. పేటెంటు దరఖాస్తులో రెండు భాగాలు ముఖ్యం. ఒకటి వివరణ, అంటే మనం కనుక్కున్నది ఏమిటో విప్పి రాయడం. రెండోది మన హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు. వాటిని వకీలు క్లెయిములు అనేవాడు. అవీ హద్దులే కదా అని నాకు అప్పుడు తట్టలేదు. ఆ వాక్యాలు నేను సొంతంగా రాయలేదు కూడా. వకీలు ఇంకెవరిదో పాత దరఖాస్తు నమూనా పంపాడు. దాన్ని ముందు పెట్టుకుని పేర్లు మార్చి ఎత్తి రాశాను.

ఆ నమూనా ప్రకారం నా హక్కు ఇది: ఈ జన్యువు, దీనితో నూటికి తొంభై పాళ్లు పోలిక ఉండి ఇదే పని చేసే జన్యువులన్నీ. రాసేటప్పుడు ఎంత గర్వపడ్డానో! ఎవడైనా నాలుగు అక్షరాలు అటూ ఇటూ మార్చి నా ఆరేళ్ల కష్టాన్ని ఎత్తుకుపోకుండా చుట్టూ పెద్ద కంచె వేశాననుకున్నాను.

ఏడాది దాటాక అక్కడి పరీక్షాధికారి నుంచి అభ్యంతరం వచ్చింది. మీరు వివరించింది ఒక్క జన్యువునే, కోరుతున్నది మాత్రం లెక్కలేనన్ని. మిగతావి ఏం చేయాలో చెప్పారు తప్ప అవి ఏమిటో చెప్పలేదు. దరఖాస్తు పెట్టిన నాటికి అవి మీ దగ్గర ఉన్నాయని మీ రాత చదివితే తెలియడం లేదు. గడువు లోపల సరైన జవాబు రాకపోతే దరఖాస్తు కొట్టివేస్తాం. ఇదీ దాని సారాంశం. నేను ఆ కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టాను. ఆరేళ్లు మన్ను పిసికింది నేను, ఎక్కడో కుర్చీలో కూర్చుని ఏరి పారేసేది ఆయన!

వకీలు ఫోన్లో నెమ్మదిగా చెప్పాడు. “కంగారు పడకండి మేడమ్. దరఖాస్తులో చెప్పినవన్నీ ఆ తేదీ నాటికి మీ దగ్గర ఉన్నాయని ఒక ప్రమాణపత్రం ఇవ్వండి. ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. మిగతా వాదన నేను చూసుకుంటాను.”

ఒక సాక్షిగా మా కాలేజీలో పక్క గది లెక్చరర్ సంతకం పెట్టేసింది. రెండో సాక్షి ఇంట్లోనే ఉన్నాడు. మా అవ్వ, అంటే అమ్మ, పోయాక బాపు నా దగ్గరికే వచ్చేశాడు. మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్న ఆయన ముందు కాగితం, కలం పెట్టి ఇక్కడ సంతకం పెట్టమన్నాను.

“ఏంది బిడ్డా ఇది?”

“ఏం లేదు బాపు. సాక్షి సంతకం. ఉత్త రివాజు.”

“రివాజా?” అని కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. “నలభై ఏండ్లు గదే పని చేసిన. సూడకుంట సాక్షి దస్కతు ఎట్ల పెడ్తరు?”

“ఇది భూమి కాదు బాపు. కంటికి కనిపించదు.”

“కనిపించంది నీ చేతిల ఉన్నదని ఎట్ల రాసినవ్?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చదువుకున్న వాళ్ల వ్యవహారంలో నీ రేకుల షెడ్డు పద్ధతులు పనికిరావని గట్టిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు. కలం మూత పెట్టి నా చేతికిచ్చి మళ్లీ పేపరు తెరిచాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు పొద్దున ఆటోలో ఆయన్ను కాలేజీకి తీసుకుపోయాను. చూపిస్తే గాని సంతకం పెట్టడని తెలిసిపోయింది. ప్రయోగశాల గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విప్పాడు. నేల మీద గాజు ముక్కలుంటాయి వేసుకో అన్నా వినలేదు.

ముందు ఆయనకు రెండు గాజు గొట్టాల్లో జిగట రసం పోసి చూపించాను. ఒకదానిలో మా ఎంజైము ఒక చుక్క వేశాను. కాసేపటికి అది నీళ్లలా పారింది, రెండోది తీగలు సాగుతూనే ఉంది. ఆయన రెండింటినీ వంచి వంచి చూసి తలాడించాడు. “పని కనవడ్డది. పని చేసేటిది సూపెట్టు.”

అప్పుడు ఆ బ్యాక్టీరియా బాగా పెరిగిన ద్రవాన్ని తీసుకుని, సబ్బు లాంటి మందు కలిపి వాటి పొట్టలు పగలగొట్టాను. ఉప్పు వేశాను. ఫ్రిజ్‌లో చల్లబెట్టిన స్పిరిటును అంచు వెంబడి మెల్లగా పోశాను. రెండు ద్రవాలు కలిసే చోట ఏమీ లేని గాలిలో నుంచి వచ్చినట్టు తెల్లటి పోగులు లేచాయి. గాజు పుల్ల పెట్టి తిప్పితే దూది వడికినట్టు దానికి చుట్టుకున్నాయి.

నేను ఈ పని పిల్లలకు వందసార్లు చేసి చూపించి ఉంటాను. బాపు మొహం చూశాక అదే మొదటిసారి చూస్తున్నట్టయింది. ఆయన వంగి, ఊపిరి తగిలితే ఎక్కడ చెదురుతాయోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“నువ్వు చెప్పిన అక్షరాలు గిండ్లనే ఉన్నయా?”

“ఆ ప్రాణి రాతంతా ఇదే బాపు. దీంట్ల మనది ఒక్క ముక్క. ఎక్కడున్నదో కంటికి కనవడదు. కానీ చదివినం. ఒక్కొక్క అక్షరం చదివినం.”

“దేవా,” అన్నాడు. “ఎంత సక్కగ రాసి పెట్టిండ్రా తండ్రీ.” ఆయన కళ్లు తడిశాయి. నావీ తడిశాయి. ఆ గదిలో నేను పదేళ్లుగా పని చేస్తున్నాను, అక్కడ దణ్ణం పెట్టుకోవాలనిపించడం అదే మొదలు.

పుల్లను చాలాసేపు వెలుగులో తిప్పి చూసి, ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కాగితం అడిగాడు. తనకు ఇంగ్లిషు రాదు కాబట్టి వాక్యం వాక్యం తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. తొంభై పాళ్ల పోలిక దగ్గర వేలు పెట్టి ఆపాడు.

“ఇది సూపెట్టినవ్, మంచిగున్నది. గవి సూపెట్టు.”

“ఏవి?”

“దీని లెక్కనే ఉన్నయన్నీ నీ చేతిల ఉన్నయని రాసినవ్ కద.”

“అవి ఎవ్వరు సూడలే బాపు. పద్దెనిమిది వందల అక్షరాలల్ల పదో వంతు మారితే ఎన్ని తీర్ల మారొచ్చో తెలుసా? గోదారి ఇసుకంత ఎంచినా సరిపోదు. లోకంల ఉన్నయో లేవో ఎవరికెర్క!”

ఆ అంకె ఎంత పెద్దదో పాఠాల్లో ఎన్నోసార్లు చెప్పాను. దాన్నంతా నాదని రాసి పెట్టుకున్నానని మాత్రం ఆ క్షణం దాకా మనసుకెక్కలేదు.

“మరి పోలికున్నయన్నీ గీ పనే చేస్తయా?”

“కొన్ని చెయ్యయి. ఏవి చేస్తయో, ఏవి చెయ్యయో చేసి చూస్తేనే తెలుస్తది.”

“నువ్వు చేసి సూసింది?”

“ఒక్కటే.”

ఆయన కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఊరుకోలేక నా భయం చెప్పేశాను. ఈ ఒక్కదాని మీదే హక్కు అడిగితే ఎవడైనా దీన్ని కొంచెం మార్చి పక్క నుంచి పోతాడు. ఆరేళ్లు బాపు, సెలవుల్లేకుండా చేసిన ఆరేళ్లు. ఆయన సాంతం విన్నాడు. తర్వాత, నేను ఎన్నడూ వినని సంగతి ఒకటి చెప్పాడు.

“నువ్వు పుట్టక ముందు ముప్కాల్ దిక్కు ఒక ఆమె వచ్చింది. మొగడు సచ్చిపోయిండు. రెండెకరాలు అమ్ముతున్నది. నేను పాత దస్తావేజు సూసి హద్దులు ఎత్తి రాసిన. తూర్పు వాగు అని ఉండె. గదే రాసిన. సదివి వినిపిచ్చిన. ఒప్పే అన్నది, ఏలిముద్ర పెట్టింది. వాగు గెప్పుడో తూర్పుకు జరిగి పోయిందని నాకెర్క లేదు. అమ్మిన చెలుకకు, వాగుకు నడుమల నేల తేలింది. గా నేలల ఆమె పసుపు పంట పెట్టుకున్నది. గది అమ్ముతలేదు ఆమె. పసుపు తవ్వే కాలానికి కొన్నాయన కాయితం పట్టుకొచ్చి నిలవడ్డడు. వాగు దాక నాదే, సూడు అన్నడు.”

“సవరణ దస్తావేజు రాయొచ్చు కదా?”

“రాస్త అన్న. ఇద్దరు దస్కతు పెట్టాలె. ఆయన పెట్టలే. కాళ్లు మొక్కినా పెట్టలే. ఆమె గా నేలలనే కూలికి పోయి పసుపు తవ్వింది బిడ్డా. నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు.” ఆయన ఒళ్లోని కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. “గా సర్కారాయన నీకు కాయితం రాసి పంపిండు. సవరించుకో అని గడువిచ్చిండు. నాకెవ్వరియ్యలే.”

ఆ సాయంత్రమే వకీలుకు ఫోన్ చేసి ఆ వాక్యాలన్నీ కొట్టేయమన్నాను. మేము చదివిన ఆ ఒక్క వరస, అది తయారుచేసే ఎంజైము, ఇంతే ఉంచమన్నాను. ఆయన నన్ను మందలించాడు. “చేతులారా పోగొట్టుకుంటున్నారు మేడమ్. వాదిద్దాం.” ఆయన చెప్పిందీ నిజమే. పేటెంటు వచ్చిన కొన్నేళ్లకు ఒక కంపెనీ అదే పని చేసే వేరే ఎంజైము తెచ్చింది. దాని వరస మా దానికి దగ్గరి చుట్టం, తొంభై పాళ్లకు పైనే పోలిక. పేపర్లో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, అబద్ధం ఎందుకు. కానీ అది వాళ్లు చదివిన రాత. వాళ్ల కాలువ ఏదో, వాళ్లకు చెంబుతో పోసి చూపించిన వాళ్లెవరో.

మార్చిన దరఖాస్తు, ప్రమాణపత్రం వారం తర్వాత వచ్చాయి. పంపే ముందు బాపు తన పద్ధతి ప్రకారమే చదవాలన్నాడు. హైదరాబాద్ వాళ్లు పంపిన అసలు కాగితం నా చేతిలో, దరఖాస్తులోది ఆయన చేతిలో. వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. పొద్దున పది గంటలకు మొదలుపెట్టాడు. అవి తెలుగులో రాసిన అక్షరాలు కావు, అయినా నాలుగే కాబట్టి ముందు రోజే నేర్చుకున్నాడు. ఎ, టి, జి అంటూ ఒక్కొక్కటే గట్టిగా పలికాడు. తొందరపడలేదు, ఒక్కటి మింగలేదు. పాలావిడ వచ్చి కాసేపు నిలబడి, ఏదో ప్రార్థననుకుని చప్పుడు చేయకుండా పోయింది. మధ్యాహ్నం దాటింది. ఆయన గొంతు బొంగురుపోయింది. ఆ మురుగు కాలువలోని జీవి లోపల ఎవరికీ వినిపించకుండా సాగే రాత, మా ఇంటి వరండాలో మా బాపు నోటి వెంట వస్తుంటే వింటూ కూర్చున్నాను. ఆ అక్షరాల మధ్య ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేదు. ఆయనే ఎక్కడికక్కడ ఆగి నీళ్లు తాగాడు.

ఆఖరి అక్షరం అయ్యాక, మిగిలిన ఒక్క క్లెయిమును నా చేత తెలుగులో చెప్పించుకున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“హద్దులు ఒప్పేనా?”

“ఒప్పే బాపు.”

ఆయన కలం పట్టుకునే ఉన్నాడు, నా చేతికివ్వలేదు. వీధిలోకి చూస్తూ ఒక నిమిషం ఊరుకున్నాడు.

“ఒప్పేనా?”

చిన్నప్పటి వెక్కిరింతలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. “రెండుసార్లు ఎందుకు బాపు?”

“గామెను ఒక్కసారే అడిగిన,” అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. కాగితం మళ్లీ దగ్గరికి తీసుకుని, ఆ ఒక్క వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదువుకున్నాను. ఒప్పే అన్నాను. అప్పుడు ఆయన కలం నా చేతికిచ్చాడు. నేను సంతకం పెట్టాక, కింద సాక్షి అని ఉన్నచోట తన పేరు రాశాడు.